బ్రేకు నొక్కితే కుడికి, వదిలితే ఎడమకు

ఇంగ్లండులోని మిడ్‌లాండ్స్ ప్రాంతంలో స్థిరపడిన ఒక పాఠకుడు, పేరు వేయవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన ఆయన నిరుడు వేసవిలో 1973 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ అనే, టాపు లేపి తిరిగే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నారు. క్రోమ్ బంపర్లు, వైరు చక్రాలు, ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ములు, బానెట్ కింద విడిగా బిగించిన సర్వో, అంటే కాలి బలాన్ని పెంచి బ్రేకులకు పంపే సాధనం, ఉన్న బండి అది. చలికాలమంతా షెడ్డులో ఉంచి వసంతంలో బయటికి తీసినప్పటినుంచి బ్రేకుల తీరు మారిందని ఆయన ఫిర్యాదు. పెడల్ మీద కాలు వేయగానే బండి ముందు కుడిపక్కకు లాగుతున్నది. కాలు అలాగే నొక్కి ఉంచితే రెండో క్షణానికి తిన్నగా వస్తున్నది. కాలు తీసేశాక మాత్రం కొంతదూరం ఎడమకు లాగి, ఆ తరువాత మామూలవుతున్నది. కాసేపు తిప్పి ఆపితే ఎడమ ముందు చక్రం దగ్గర వేడి తగులుతున్నది, ఆ చక్రపు పుల్లల మీద నల్లటి పొడి కూడా రెండోదానికంటే ఎక్కువగా పేరుకుంటున్నది.

ముందు చక్రాల డిస్కులను పట్టే ప్యాడ్లు రెండు పక్కలా ఆయనే మార్చారు. ఆ ప్యాడ్లను డిస్కు మీదికి నెట్టే పిస్టన్లలో కుడివైపువి బొటనవేళ్లతో నెడితేనే వెనక్కి వెళ్లాయి, ఎడమవైపు వాటికి క్లాంపు పెట్టి బలంగా బిగించవలసి వచ్చింది. ఆ తరువాత కొద్దిరోజులు బాగానే ఉండి, మళ్లీ అదే వరస. ఇక సలహాలకు కొదవ లేదు. ఏళ్ల తరబడి అంబాసిడర్ నడిపిన నాన్నగారు ఫోనులో ఎడమ చక్రం అడ్జస్టర్, అంటే బ్రేకు సందును సరిచేసే మర, ఒక పలక బిగించమన్నారు. బర్మింగ్‌హామ్‌లో ఉండే తోడల్లుడు, చేతిపని బాగా తెలిసినవాడు, పెడల్ నొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండరూ సర్వో పోయాయని తేల్చి, అవి తెప్పించడానికి సిద్ధంగా ఉన్నాడు. దగ్గరి గ్యారేజీ వారు ముందు బ్రేకులకు సంబంధించినవన్నీ కొత్తవి వేయాలని పెద్ద అంచనా ఇచ్చారు. భార్య మాత్రం "ఇది బాగయ్యేదాకా పిల్లలతో నేను ఎక్కను" అని చెప్పేశారు. జూలై చివర కుటుంబమంతా ఈ కారులోనే వేల్స్ వెళ్లాలని అనుకున్నారు. ఎవరి మాట వినాలి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నెమ్మదిగా నడిపితే ఆ ప్రయాణం చేయవచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన విషయం, లాగుడు ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో పక్క మారుతున్నదో మీరు గమనించి రాయడం. చాలామంది "బ్రేకు వేస్తే ఒక పక్కకు పోతోంది" అని మాత్రమే చెబుతారు. ఆ ఒక్క ముక్కతో పది కారణాలు ఊహించవచ్చు కానీ ఒక్కటీ తేల్చలేము. బ్రేకు ఎక్కువగా పట్టిన చక్రం వైపుకే బండి లాగుతుంది కాబట్టి, కాలు వేసిన తొలిక్షణంలో కుడికి లాగడమంటే ఎడమ చక్రం ఆలస్యంగా పడుతున్నదని అర్థం. కాలు తీశాక ఎడమకు లాగడమంటే అదే చక్రం ఆలస్యంగా వదులుతున్నదని అర్థం. పట్టడంలోనూ వదలడంలోనూ ఒకే చక్రం వెనకబడుతున్నదంటే, ఆ చక్రానికి బ్రేక్ ఆయిల్ పోయే దారీ తిరిగి వచ్చే దారీ ఇరుకైపోయాయన్న అనుమానం ముందుగా రావాలి. నా మొదటి అనుమానం ఎడమ ముందు చక్రపు రబ్బరు హోసు మీద, రెండోది అక్కడి కాలిపరులోని, అంటే డిస్కును ఇరువైపులా పట్టే బిగింపులోని, పిస్టన్ల మీద. అయితే అనుమానం మీద డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు; ఈ రెండింటిలో ఏదో తేల్చే పరీక్ష మీ ఇంటి ముందే చేయవచ్చు, దాన్ని కింద వివరిస్తాను.

ముందు మీ తోడల్లుడిగారి మాట చూద్దాం, ఎందుకంటే ఆయన ఆర్డరు పెట్టేలోగా మీరు ఆపాలి. మూసి ఉన్న గొట్టాలలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే, అది కదలిక ఆగాక అన్నివైపులా సమానంగా ఉంటుందని పాస్కల్ సూత్రం మనం బడిలోనే చదువుకున్నాం. మీ కారులో మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరిన ఒకే పైపు సర్వో గుండా వచ్చి, ఒక కూడలి దగ్గర విడిపోయి, కుడి ముందు చక్రానికి, ఎడమ ముందు చక్రానికి, వెనుక ఇరుసుకు వెళుతుంది. బ్రిటన్‌లో అమ్మిన 1973 ఎంజీబీలో బ్రేకులన్నిటికీ కలిపి ఉన్నది ఒకే సర్క్యూటు, అంటే ఒకే ఆయిల్ దారి. కూడలికి ఎగువన ఉన్న మాస్టర్ సిలిండర్ గానీ సర్వో గానీ బలహీనపడితే రెండు ముందు చక్రాలూ ఒకేలా బలహీనపడతాయి. వదలకుండా పట్టేస్తే రెండూ పట్టేస్తాయి. కుడి చక్రాన్ని వదిలి ఎడమ చక్రం మీదే కక్ష కట్టడానికి వాటికి దారి లేదు. రెండు సర్క్యూట్లు ఉండి, ఒక్కో సర్క్యూటు ఒక ముందు చక్రాన్నీ దానికి ఎదురుమూల వెనుక చక్రాన్నీ నడిపే కార్లలో ఆయన వాదనకు చోటుంది. మీ కారు ఆ రకం కాదు. మాస్టర్ సిలిండర్ పాడైతే కనిపించే గుర్తులు వేరు: నొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా కిందికి జారిపోవడం, డబ్బాలో ఆయిల్ మట్టం తరచు తగ్గడం, పెడల్ దగ్గర తడి కనిపించడం. మీరు ఇంత వివరంగా రాసిన ఉత్తరంలో ఇవేవీ లేవు. పనిచేస్తున్న పాత సిలిండరు తీసి, ఎవరు ఎలా చేశారో తెలియని కొత్త నకలు వేస్తే, ఉన్న జబ్బు పోకపోగా కొత్తది రావచ్చు. ఆయన సాయం మాత్రం వద్దనకండి. ఈ పనికి పెడల్ నొక్కడానికి రెండో మనిషి కావాలి, చేతిపని తెలిసినవాడైతే మరీ మంచిది.

నాన్నగారి సలహా వారు నడిపిన బండికి సరైనదే. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ప్రతి చక్రానికీ అడ్జస్టర్ ఉండేది, డ్రమ్మును లోపలినుంచి ఒరిసే షూల లైనింగు అరిగేకొద్దీ దాన్ని బిగించుకోవలసి వచ్చేది. పైగా డ్రమ్ము తిరిగే దిశలో ఉన్న షూ తనంతట తాను డ్రమ్ములోకి ఒరుసుకుంటూ పట్టు పెంచుకుంటుంది, కాబట్టి రెండు పక్కల మధ్య కాస్త తేడా ఉన్నా అది పెద్దదై లాగుడుగా కనిపిస్తుంది. డిస్కు బ్రేకులో ఈ గుణం లేదు. మీరు నొక్కినంతే పడుతుంది. అందువల్ల డిస్కులున్న బండి లాగుతున్నదంటే సర్దుబాటు లోపం కాదు, ఏదో ఒక భాగం నిజంగానే చెడిందని అనుకోవాలి. మీ కాలిపరుకు బిగించడానికి అడ్జస్టరే లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు, కాలు వేసినప్పుడు పిస్టనుతోపాటు కొద్దిగా వంగి, కాలు తీయగానే తిరిగి తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడు అరిగేకొద్దీ పిస్టన్ ఆ సీలులో కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. సర్దుబాటంతా అంతే. చతురస్రపు తల ఉన్న అడ్జస్టర్లు మీ బండిలో వెనుక డ్రమ్ములకే ఉన్నాయి. నాన్నగారు ఈ జవాబుకు చిన్నబుచ్చుకుంటే, ఆయన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనూ మీ ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒకే బి-సిరీస్ కుటుంబానివని చెప్పండి. ఇంజను గురించి ఆయన చెప్పేవాటిలో చాలావరకు మీకు అక్షరాలా పనికొస్తాయి.

ఇక హోసు సంగతి. బండి బాడీ వైపున్న ఉక్కు పైపును స్టీరింగుతోపాటు తిరిగే కాలిపరుకు కలపడానికి ముందు చక్రాలకు ఒక్కొక్కటి చొప్పున, వెనుక ఇరుసుకు ఒకటి, మొత్తం మూడు రబ్బరు హోసులు ఉంటాయి. రబ్బరు ముసలిదయ్యాక పైన పగుళ్లు కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. పైకి నున్నగా ఉండి లోపల ఉబ్బిపోయిన హోసులు ఎన్నో ఉంటాయి. లోపలి పొర ఉబ్బితే దారి సన్నబడుతుంది, లేదా ఆ పొర కొంత ఊడి తలుపురెక్కలా వేలాడుతుంది. కాలి బలంతో వచ్చే ఒత్తిడి ఆ ఇరుకులోంచి ఆలస్యంగానైనా కాలిపరును చేరుతుంది, అందుకే రెండో క్షణానికి మీ బండి తిన్నగా వస్తున్నది. తిరుగు ప్రయాణంలో ఆయిల్‌ను నెట్టడానికి సీలు వెనక్కి లాగే ఆ కాస్త బలం తప్ప మరేమీ ఉండదు, కాబట్టి ప్యాడు డిస్కును వదలడానికి చాలా సమయం పడుతుంది. అలా రాసుకుంటూ తిరగడం వల్లే వేడి, నల్లపొడి.

మీరు రాసిన క్లాంపు వ్యవహారం ఇక్కడ రెండు రకాలుగానూ అన్వయిస్తుంది. చలికాలమంతా కదలకుండా ఉన్న బండిలో, దుమ్ము ఆపే రబ్బరు కింద తేమ చేరి పిస్టన్ తుప్పు పట్టి ఉండవచ్చు. అందువల్ల అది మొండికేసి ఉండవచ్చు. అలా కాక పిస్టన్ శుభ్రంగానే ఉండి, మీరు నెట్టిన ఆయిల్‌కు వెనక్కి పోవడానికి హోసులో దారి లేక మొండికేసి ఉండవచ్చు. ఆ సమయంలో కాలిపరులోంచి గాలీ ఆయిలూ బయటికి వదిలే బ్లీడర్ నిప్పిల్ కొద్దిగా వదులు చేసి ఉంటే ఈ రెండింటిలో ఏదో అక్కడికక్కడే తెలిసేది. ప్యాడ్లు మార్చాక కొద్దిరోజులు బాగుండడం కూడా దేనికీ సాక్ష్యం కాదు. బలవంతంగా నెట్టినప్పుడు తుప్పు పట్టిన పిస్టన్ కాస్త సడలవచ్చు, హోసులోని పొరా కాస్త పక్కకు జరగవచ్చు.

పరీక్ష ఇలా చేయండి. సమతలమైన గట్టి నేల మీద, వెనుక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎన్నడూ కింద చేయి పెట్టవద్దు. తోడల్లుడిగారిని పెడల్ రెండుమూడు సార్లు గట్టిగా నొక్కి వదలమనండి. వదిలిన వెంటనే రెండు ముందు చక్రాలనూ చేత్తో తిప్పి పోల్చండి. డిస్కు బ్రేకులో ప్యాడు కాస్త రాసుకున్న శబ్దం సహజమే, దాన్ని పట్టించుకోకండి. కుడిది స్వేచ్ఛగా తిరిగి, ఎడమది బిగుసుకుని కొంతసేపటికి గానీ వదలకపోతే అసలు విషయానికి వచ్చినట్టే. మళ్లీ నొక్కించి, వదిలించి, ఎడమ చక్రం బిగుసుకుని ఉండగానే, ఆ కాలిపరు నిప్పిలుకు సన్నని పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని రెండో కొసను కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, నిప్పిల్‌ను పావు చుట్టు తిప్పండి. ఆయిల్ ఒక్కసారిగా ఎగజిమ్మి చక్రం వెంటనే వదిలిందా, కాలిపరులో ఒత్తిడి చిక్కుకుని ఉన్నదన్నమాట. కుడి చక్రం అప్పటికే వదిలి ఉన్నది గనుక ఎగువన మాస్టర్ సిలిండర్ తన పని తాను చేసినట్టే, చిక్కు ఎడమ హోసులోనే. ఆయిల్ రెండు చుక్కలు కారి, చక్రం మాత్రం అలాగే బిగుసుకుని ఉంటే, ఒత్తిడి లేకపోయినా పిస్టన్ వెనక్కి రావడం లేదు, అది తుప్పు వల్లనే. మీ గ్యారేజీ వారు ఈ చిన్న పరీక్ష చేసి ఉంటే, అంచనా రాసేముందు ఒక్క మాట చెప్పి ఉండేవారని నా ఊహ.

చక్రాలు ఎలాగూ లేచి ఉంటాయి కాబట్టి, ఎడమ కాలిపరులోని లోపలి ప్యాడునూ బయటి ప్యాడునూ తీసి మందం పోల్చండి. మీ కాలిపరు కదలదు, ఇరువైపులా ఒక్కో పిస్టన్ ఉంటుంది. ఒక ప్యాడు రెండోదానికంటే స్పష్టంగా అరిగి ఉంటే, ఆ రెండింటిలో ఒక పిస్టన్ సరిగా కదలడం లేదని అనుకోవచ్చు. హోసు పాడైతే రెండు ప్యాడ్లూ కలిసే అరుగుతాయి. ప్యాడు ముఖం మీద నూనె మరక గానీ, చక్రం బేరింగు నుంచి వచ్చిన గ్రీజు గానీ కనిపిస్తే ఆ ప్యాడ్లు పనికిరావు. వాటిని కాల్చి, కడిగి మళ్లీ వాడమని చెప్పేవాళ్లు దొరుకుతారు, వినవద్దు. అయితే నూనె పడిన ప్యాడు వల్ల వచ్చే లాగుడు బ్రేకు నొక్కినంతసేపూ ఒకే పక్కకు ఉంటుంది, మీరు చెప్పినట్టు పక్క మారదు. పాత ప్యాడ్ల పొడిని, వెనుక డ్రమ్ముల్లోని పొడిని గాలి కొట్టి ఊదవద్దు. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్‌ను 1999లో పూర్తిగా నిషేధించారు కానీ, ఈ వయసు బండిలో అంతకుముందటి లైనింగు ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పారవేయండి.

స్టీరింగు, సస్పెన్షన్ల వైపు నుంచి వచ్చే లాగుడు గురించి కూడా చెప్పాలి, అది బ్రేకు వేషం వేసుకుని వస్తుంది. మీ కారులో చక్రాన్ని బండికి కలిపి ఉంచే కింది చేతుల్లాంటి కమ్మీల రబ్బరు బుష్షులు నలిగిపోతే, బ్రేకు వేసినప్పుడు ఆ చక్రం కొద్దిగా వెనక్కి జరిగి తన దిశ మార్చుకుంటుంది. స్టీరింగుతో చక్రం పక్కలకు తిరిగే ఇరుసైన కింగ్‌పిన్నుకు గ్రీజు అందకపోతే స్టీరింగు బరువెక్కి, తిప్పిన చోటే నిలిచిపోతుంది. ముందు చక్రాల బేరింగుల్లో ఉండవలసిన ఆట 0.002 నుంచి 0.004 అంగుళాలే, అంతకంటే వదులైతే డిస్కు ఊగి, పిస్టన్లను వెనక్కి నెట్టి, తరువాతి బ్రేకుకు పెడల్ లోతుగా దిగుతుంది. వైరు చక్రం నడిబొడ్డులో ఉన్న పళ్లు అరిగితే బ్రేకు వేసినప్పుడల్లా టక్కుమని శబ్దం వస్తుంది. వీటిలో ఏదైనా ఉంటే స్టీరింగు చేతిలో మెలి తిరిగినట్టు, లేదా దెబ్బ తగిలినట్టు తెలుస్తుంది. మీరు రాసిన మెత్తని, ఆలస్యపు లాగుడు ఆ జాతిది కాదు. అందుకే వీటిని రెండో వరుసలో ఉంచాను. బ్రిటన్ రోడ్లు అంచుల వైపు కొద్దిగా వాలి ఉంటాయి, బండి ఎడమవైపున నడుస్తుంది; బ్రేకు లేకుండానే స్టీరింగు వదిలితే కాస్త ఎడమకు పోవడం ఏ కారుకైనా ఉండేదే. కాలు తీశాక వచ్చే ఎడమ లాగుడులో ఎంత రోడ్డుది, ఎంత బ్రేకుది అన్నది వాలు లేని నేల మీదనే తేలుతుంది.

పరీక్షలో ఏం తేలినా మీ ముందు ఉండే దారులు మూడు. మొదటిది, హోసులు మూడూ మార్చి, ఆయిల్ మొత్తం కొత్తది నింపడం. ఖర్చు అన్నిటికంటే తక్కువ, ఒక శనివారం చాలు. ఒక్క ఎడమ హోసే మార్చి ఊరుకోవద్దు, మూడింటి వయసూ ఒకటే అయి ఉంటుంది. దీనిలోని చిక్కు ఏమిటంటే, పిస్టన్ కూడా తుప్పు పట్టి ఉంటే లాగుడు తగ్గుతుందే గానీ పోదు, మళ్లీ విప్పి, మళ్లీ ఆయిల్ పోసి, మళ్లీ పైపుల్లో చేరిన గాలి తీయాలి. రెండోది, హోసులతోపాటు రెండు కాలిపర్లనూ విప్పించి, కొత్త సీళ్లు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ పిస్టన్లు వేయించడం. ఇది చేయిస్తే చాలా ఏళ్లు ఆ వైపు చూడనక్కరలేదు, కానీ బండి కొన్ని వారాలు స్టాండ్ల మీద ఉండవచ్చు, జూలై చేజారవచ్చు. ఒక పక్క కాలిపరు ఒక్కటే చేయిస్తే మాత్రం కొత్త రకం తేడా మీరే సృష్టించినవారవుతారు. మూడోది, గ్యారేజీ వారు చెప్పినట్టు అన్నీ కొత్తవి వేయించడం. తీరిక లేనివారికి అది తప్పు దారేమీ కాదు, పని బాగా చేస్తే బండి బాగుపడుతుంది. కానీ ఏది చెడిందో ఎవరికీ తెలియకుండానే బాగుపడుతుంది, తీసేసిన మంచి డిస్కులు, కాలిపర్లు చెత్తలోకి పోతాయి. ఆ దారిలో వెళితే, పనికి ముందూ తరువాతా, చక్రాలను తిప్పుతూ బ్రేకును కొలిచే రోలర్ల మీద ఒక్కో చక్రపు బ్రేకు బలం కొలిచి ఆ అంకెలు కాగితం మీద ఇవ్వాలని ముందే అడగండి, పాత భాగాలు మీకు అప్పగించమని కూడా చెప్పండి.

నేనైతే పరీక్ష హోసును చూపితే మొదటి దారినే పట్టి, చక్రం విప్పినప్పుడే దుమ్ము రబ్బరు అంచు ఎత్తి పిస్టన్ పక్కలు చూస్తాను. మెరుస్తూ నున్నగా ఉంటే కాలిపర్ల జోలికి పోనక్కరలేదు. ఎర్రటి మచ్చలు, గుంటలు కనిపిస్తే జూలై సంగతి మరచి రెండో దారికి మళ్లాలి. కాలిపరు మీరే విప్పదలిస్తే, దాని రెండు అర్ధభాగాలనూ కలిపే బోల్టుల జోలికి వెళ్లకండి, వాటిని విడదీయకుండానే పిస్టన్లు బయటికి తీయవచ్చు. గాలి పంపుతో పిస్టన్లు తీసేటప్పుడు అవి తుపాకి గుండులా బయటికి వస్తాయి. మధ్యలో చెక్కముక్క పెట్టండి, వేళ్లు పెట్టవద్దు.

మీ కారు నలభై ఏళ్లు దాటినది కాబట్టి, పెద్ద మార్పులు చేసి ఉండకపోతే, 2018 మే నుంచి దానికి ఏటా ఎంఓటీ, అంటే బండి రోడ్డుకు తగినదో కాదో చూసే బ్రిటన్ తనిఖీ, తప్పనిసరి కాదు. మీ ఉత్తరంలో తనిఖీ మాట లేకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. తనిఖీ అక్కరలేకపోయినా బండి రోడ్డుకు తగిన స్థితిలో ఉండాలన్న బాధ్యత మాత్రం మీదే. ప్రమాదకరమైన స్థితిలో నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు పడవచ్చు. మీ అంతట మీరే తనిఖీకి తీసుకెళ్లే అవకాశం ఉంది. అక్కడి రోలర్లు ఒకే ఇరుసు మీది రెండు చక్రాల బ్రేకు బలాన్ని పోలుస్తాయి. తేడా 30 శాతం దాటితే బండి తప్పుతుంది, ముందు చక్రాల మధ్య 50 శాతం దాటితే ప్రమాదకరమని రాస్తారు. ప్రమాదకరమని రాస్తే బండిని నడిపి ఇంటికి తీసుకురాలేరు, ఆ ఫలితం బండి చరిత్రలో అందరికీ కనిపిస్తుంది. కనుక మరమ్మతుకు ముందు కాదు, తరువాత తీసుకెళ్లండి. మీకు కావలసింది పాసైన కాగితం మాత్రమే కాదు, ఎడమ, కుడి అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది కూడా. రోలర్లు నిలకడగా నొక్కినప్పటి బలాన్నే బాగా చూపుతాయి, తొలిక్షణపు ఆలస్యాన్ని అంత బాగా చూపవు. అందుకే పట్టడం, వదలడం కూడా గమనించి చూడమని తనిఖీదారుకు చెప్పండి.

మీ శ్రీమతిగారి అభ్యంతరాన్ని మీరు వట్టి భయమన్నట్టు రాశారు. ఆవిడ చెప్పినది పరీక్షించి చూసిన మెకానిక్ చెప్పేదానికి ఏమీ తక్కువ కాదు. ఒకే సర్క్యూటు ఉన్న బండిలో, లోపల ఊడిపోతున్న హోసు ఒకనాడు పగిలితే నాలుగు చక్రాల కాలి బ్రేకూ ఒకేసారి పోతుంది, మిగిలేది వెనుక చక్రాలను మాత్రమే పట్టే హ్యాండ్ బ్రేకు. వేల్స్ కొండదారుల్లో దిగుతున్నప్పుడు, తడిరోడ్డు మీద, ఒక ముందు చక్రం ముందే జారిపోయి రెండోది ఆలస్యంగా పడితే స్టీరింగు ఎంత గట్టిగా పట్టుకున్నా బండి మీ మాట వినదు; ఈ కారులో చక్రం జారకుండా చూసే ఏర్పాటేదీ లేదు. పొడవైన దిగుడులో ఎడమ ప్యాడు వదలకుండా రాసుకుంటూ ఉంటే ఆ కాలిపరులో ఆయిల్ మరిగే ప్రమాదం కూడా ఉంది, ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది గనుక మరింత త్వరగా మరుగుతుంది. కాబట్టి నెమ్మదిగా నడపడం నాలుగో దారి కాదు. హోసులు మారి, తనిఖీ అంకెలు బాగుండి, మీరొక్కరే కొన్ని రోజులు దగ్గరి దారుల్లో నడిపి చూశాక వేల్స్ వెళ్లండి. అప్పటికి కుదరకపోతే ఇంట్లోని మామూలు కారులో వెళ్లండి, ఎంజీబీ ఆగస్టులో కూడా నడుస్తుంది.

పని మొదలుపెట్టినప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. హోసు విప్పేటప్పుడు ముందు ఉక్కు పైపు నట్టు వదులు చేయండి, తరువాత బ్రాకెట్టు నట్టు, చివర కాలిపరు వైపు. హోసునే మెలితిప్పితే ఉక్కు పైపు విరుగుతుంది. ఆ పైపు నట్లకు మామూలు పానా పెడితే మూలలు అరిగిపోతాయి, బ్రేకు పైపుల కోసమే చేసిన, నట్టును చుట్టూ పట్టే పానా కొనండి. స్టెయిన్‌లెస్ జాలీ తొడిగిన హోసులు పెడల్‌ను కాస్త గట్టిగా ఉంచుతాయి గానీ, లోపలి గొట్టం చెడితే పైనుంచి కనిపించదు. నమ్మకమైన తయారీ రబ్బరు హోసులు చాలు, అవి అంగడి అరలో ఏళ్ల తరబడి పడి ఉన్నవి కాకూడదు. బిగించాక స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి, హోసు మెలిక పడకుండా, చక్రానికి తగలకుండా ఉన్నదో లేదో చూడండి. ఆయిల్ డాట్ 4 అనే రకం వాడండి; డాట్ 5 అని అమ్మే సిలికోన్ రకాన్ని దానితో కలపవద్దు. సీళ్లకు మామూలు గ్రీజు తగలనివ్వకండి, రబ్బరు కోసం చేసిన ఎర్ర గ్రీజు వేరే దొరుకుతుంది. పెయింటు మీద ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి. కాలిపరు మళ్లీ బిగిస్తే నిప్పిల్ పైవైపున ఉన్నదో లేదో చూడండి. కుడి ఎడమలు తారుమారైతే నిప్పిల్ కిందికి వచ్చి గాలి ఎంత తీసినా పోదు. మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తీయండి, డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి.

ఆ తరువాత టైర్లలో గాలి రెండు ముందు చక్రాలకూ సమానంగా ఉన్నదో చూసుకుని, వాలు లేని, వాహనాలు లేని చోట నెమ్మది వేగంలో మొదలుపెట్టి బ్రేకు వేసి చూడండి. కాలు వేసినప్పుడూ తీసినప్పుడూ కనిపించిన ఆలస్యం పోయి, నొక్కినంతసేపూ ఒకే పక్కకు కొద్దిపాటి లాగుడు మిగిలితే, అది హోసు పని కాదు. ముందు చక్రాలను అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూడండి. చక్రాన్ని మధ్యలో బిగించే పెద్ద నట్లు మాత్రం ఏ పక్కవి ఆ పక్కనే ఉంచాలి, వాటి మరలు వేరు. లాగుడు కూడా చక్రంతోపాటు పక్క మారితే టైరును అనుమానించండి, మారకపోతే కింది చేతుల బుష్షులు విప్పించి చూపించండి.